నూటపద్నాలుగోవాడు

మదనపల్లె టమోటా మండీలో ఎవరైనా "ఓ లాస్టు రాయుడూ" అని పిలిస్తే చెంగల్రాయుడు తగువుకు పోడు. మోస్తున్న క్రేటు నింపాదిగా కింద పెడతాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటాడు. పిలిచినవాడి దగ్గరికి వచ్చి కళ్ళలోకి చూసి ఒకటే మాట అడుగుతాడు.

"నాది నూటపద్నాలుగప్పా. నీదెంత?"

పిలిచినవాడు తల తిప్పుకుంటాడు. తిప్పుకోక ఏం చేస్తాడు? మండీలో లారీల పక్కన నిలబడి టీ తాగే పెద్దమనుషుల్లో ప్రపంచ పందెంలో పరిగెత్తినవాడు ఎవడున్నాడు? చెంగల్రాయుడు పరిగెత్తాడు. నూటపద్నాలుగు మందిలో నూటపద్నాలుగో స్థానం అని అక్కడివాళ్ళు అచ్చువేసి ఇచ్చిన కాగితం కూడా అతని ఇంట్లో ఉంది. ఆ కాగితం తప్పు. ఎట్లా తప్పో చెప్పాలంటే గొర్రెల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక మెట్ట పల్లె అతనిది. నాలుగడుగులు వేస్తే కర్ణాటక. వాన పడితే వేరుశెనగ, పడకపోతే గొర్రెలు. అతని నాయన మునెప్ప మాత్రం వానను ఏనాడూ నమ్మినవాడు కాదు. ఎనభై గొర్రెల మందను నమ్ముకున్నాడు. ఏడో తరగతి దాకా బడికి పోయిన చెంగల్రాయుడు ఆ తర్వాత కర్ర పట్టుకుని మంద వెనక నడిచాడు.

పొద్దు వాలాక మందను దొడ్డికి తోలేటప్పుడు మునెప్ప ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కాపరి ముందుగా లోపలికి అడుగుపెట్టకూడదు. ముళ్ళకంప పక్కకు లాగి, వాకిట్లో ఒక వారగా నిలబడి, చెయ్యి చాచి, లోపలికి పోయే ప్రతి గొర్రె వీపూ తాకుతూ ఎంచాలి. ఎనభై అయ్యాక ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. అప్పుడు తను పోవాలి. పన్నెండేళ్ళప్పుడు ఒకసారి చెంగల్రాయుడు ఆకలికి ఆగలేక తానే ముందు దూరాడు. లెక్క తప్పింది. ఒక సూడి గొర్రె బయటే మిగిలిపోయింది. తెల్లవారి చూస్తే గుట్ట కింద దాని బొచ్చు దొరికింది, అంతే. మునెప్ప కొడుకును కొట్టలేదు, తిట్టలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. కొట్టి ఉంటే మరిచిపోయేవాడేమో. మాట్లాడకపోవడం వల్ల ఆ వాకిలి అతని ఒంట్లోకి ఇంకిపోయింది.

పంతొమ్మిది వందల తొంభై ఏడులో పుంగనూరు సంతకు ఒక పొట్టేలును తోలుకుపోయారు తండ్రీకొడుకులు. బేరం కుదిరే సమయానికి అది తాడు తెంచుకుని బజారులో పడింది. చెంగల్రాయుడు దాని వెంట పడ్డాడు. పూల అంగళ్ళు దాటి, బస్టాండు దాటి, ఊరు దాటి, చెరువు కట్ట దిగాక దాని కొమ్ములు దొరకబుచ్చుకున్నాడు. వెనక్కి తిరిగితే ఒక నడివయసు మనిషి టీవీఎస్ బండి ఆపి రొప్పుతూ నిలబడి ఉన్నాడు. రొప్పాల్సింది పరిగెత్తినవాడు గదా, బండి తోలినవాడు రొప్పడమేమిటని చెంగల్రాయుడికి అనుమానం వచ్చింది.

"సార్, పొట్టేలు మాదే. నేను దొంగను కాదు," అన్నాడు ముందు జాగ్రత్తగా.

"దొంగవైనా నాకేం లేదప్పా. సంత కాణ్నించి నీ యెంటే వస్తాండా, బండి మీద కూడా అందుకోలేకపోతిని. రేపు మదనపల్లెకు వస్తావా?"

ఆయన పేరు పెద్దన్న. మదనపల్లెలో ఒక హైస్కూలుకు డ్రిల్లు మాస్టరు. ఆ మరుసటి వారం నుంచి చెంగల్రాయుడికి రెండు పనులు. పొద్దున పెద్దన్న సారు చెప్పిన పరుగు, తర్వాత మండీలో మోత. గ్రౌండులో గీసిన గీతల మధ్య తిరగడం అతనికి అస్సలు నచ్చలేదు. గానుగెద్దులాగా ఈ తిరుగుడేంది సార్ అని అడిగేశాడు. పెద్దన్న సారు నవ్వి అతణ్ని హార్స్‌లీ కొండ ఘాటు కిందికి తీసుకుపోయి వదిలాడు. గుట్టలు, రాళ్ళు, బురద, గడ్డి దాటుకుంటూ పరిగెత్తే పందెం ఒకటి ఉందని, దాన్ని క్రాస్‌కంట్రీ అంటారని, అందులో పొడుగు పందెం కాక మగవాళ్ళకు నాలుగు కిలోమీటర్ల పొట్టి పందెం కొత్తగా పెట్టారని చెప్పాడు.

"నాలుగు కిలోమీటర్లేనా? మా మంద అంతకన్నా ఎక్కువ పోతాది నీళ్ళకు," అన్నాడు చెంగల్రాయుడు.

కుప్పంలో జరిగిన పోటీల్లో అతను బండరాళ్ళ మీద వట్టికాళ్ళతో మొదట వచ్చాడు. ఆ తర్వాత రాష్ట్రం, ఆ తర్వాత దేశం. తొంభై తొమ్మిదిలో ఐరోపాలో జరిగే ప్రపంచ పోటీకి పొట్టి పందెం జట్టులో అతని పేరు వచ్చింది. పల్లెలో మునెమ్మ, అంటే అతని తల్లి, ఇంటింటికీ పోయి బెల్లం పంచింది. మునెప్ప మాత్రం కొడుకు కాళ్ళ వంక ఒకసారి చూసి, "చలి దేశమంట. కంబళి ఎత్తుకోని పో," అన్నాడు.

జట్టుకు మేనేజరుగా వచ్చినాయన చంద్రమోహన్. పరుగు పందేలు నడిపే సంఘంలో పెద్ద పదవి, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆ జట్టులో తనకు కావలసినవాడొకడు ఉండాలని ఆయన ఆశపడ్డాడు, చెంగల్రాయుడి వల్ల ఆ చోటు పోయింది. ఆ కడుపుమంట బెంగుళూరు క్యాంపులో అన్నాల దగ్గర అందరి ముందూ బయటపడింది.

"గొర్రెలు కాసేవాణ్ని తీసుకోనిపోయి ప్రపంచం ముందర నిలబెడతాండాము. కడగొట్టున వస్తాడు, మన పరువు తీస్తాడు. రాసి పెట్టుకోండి."

చెంగల్రాయుడు కంచం ముందు నుంచి లేచాడు. తల దించుకుని తినేసి ఉంటే ఈ కథ లేదు. దించుకోవడం అతనికి చేతకాదు.

"నేను చివర రాను సార్. వస్తే ఇంక జన్మలో పందెం గీత కాడ నిలబడను. అందరూ విన్నారు గదా? మీరూ రాసి పెట్టుకోండి."

నోటి తొందర అంటే అదే. పరుగు తప్ప ఇంకే సంతోషమూ తెలియని మనిషి, తన పరుగునంతా ఒక మాటకు కట్టేశాడు. పక్కనున్నవాళ్ళు చొక్కా పట్టి కూర్చోబెట్టేలోపల మాట దాటిపోయింది.

పందెం రోజు సన్నగా వాన. అక్కడి నేల గడ్డి కింద మెత్తటి నల్ల బురద. నూటపద్నాలుగు మంది ఒక్క వరుసలో నిలబడ్డారు. తుపాకీ పేలగానే అందరూ ఒక్కసారిగా దూకారు, ముందు ఉన్న సన్న దారికోసం మోచేతులతో పొడుచుకున్నారు. చెంగల్రాయుడు మంద తొక్కిసలాడుతున్నప్పుడు దాని మధ్యకు దూరే రకం కాదు. ఓరగా తప్పుకున్నాడు. వాళ్ళంతా దారిలో పడ్డాక చూస్తే వెనక తను తప్ప ఎవరూ లేరు. మొదటి చుట్టు అంతా అట్లాగే సాగింది. తాళ్ళ అవతల గొడుగు కింద నిలబడిన చంద్రమోహన్ ముఖంలో నవ్వు అతనికి స్పష్టంగా కనిపించింది.

ఆ నవ్వే పనిచేసింది. రెండో చుట్టులో చివరి గుట్ట ఎక్కేచోట మిగతావాళ్ళ కాళ్ళు బురదలో దిగబడుతుంటే చెంగల్రాయుడు గడ్డి దుబ్బుల మీద మాత్రమే అడుగు వేస్తూ ఎక్కాడు. చెరువులో నీళ్ళు తీసినాక గొర్రెల్ని దాటించేవాడికి ఎక్కడ కాలు పెట్టాలో ఒకరు చెప్పాలా? ఎర్రచొక్కావాడు వెనకబడ్డాడు. చారల చొక్కావాడు వెనకబడ్డాడు. గుట్ట దిగేటప్పుడు పొట్టివాడొకడు. గీతకు ముప్పై అడుగులుందనగా పసుప్పచ్చ చొక్కా తొడుక్కున్న ఒక పొడుగాటి మనిషి. నలుగురు. నలుగురినీ దాటి గీత తొక్కాడు. గుండె నోట్లోకి వచ్చేసింది, అయినా నవ్వొచ్చింది. చివర రాలేదు. మాట నిలబడింది.

ఇక్కడే జరగకూడనిది జరిగింది.

గీత దాటాక రెండు పక్కలా తాళ్ళు కట్టి సన్నటి సందు చేశారు. పరుగు ముగించినవాళ్ళు ఒకరి వెనక ఒకరు అందులో నడిచిపోతే, ఆ కొసన బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు వచ్చిన వరుసలో ఛాతీ మీది నంబర్లు రాసుకుంటారు. ఆ పోటీలో వరుస అక్కడే ఖాయమయ్యేది. ఈ సంగతి ముందురోజు ఇంగ్లీషులో చెప్పారు. చెంగల్రాయుడికి ఎవరూ తెలుగులో చెప్పలేదు. అతనికి ఆ క్షణంలో కనిపించింది తాళ్ళు కాదు, దొడ్డి. ఎదురుగా వాకిలి, వెనక నుంచి రొప్పుతూ వస్తున్న నాలుగు ప్రాణాలు. ఒళ్ళు తెలియని అలసటలో కాళ్ళు తమంతట తాము పక్కకు తప్పుకున్నాయి. చెయ్యి చాచుకుంది. పసుప్పచ్చ చొక్కా వీపు తాకి ఒకటి అన్నాడు. పొట్టివాడు రెండు. చారలవాడు మూడు. ఎర్రచొక్కా నాలుగు. వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరూ లేరు. అప్పుడు నెమ్మదిగా తాను లోపలికి పోయాడు.

బల్ల దగ్గర తన నంబరు అట్టడుగున రాస్తుంటే అర్థమైంది. చంద్రమోహన్ దగ్గరికి పరుగున పోయాడు. అభ్యంతరం చెప్పుకోవడానికి అరగంట గడువు, రాసి ఇవ్వాల్సింది మేనేజరు.

"గీత దాటినప్పుడు నలుగురు నా యెనక ఉండారు సార్. రాసియ్యండి."

"ఏమని రాయాల? మావాడు వాకిట్లో నిలబడి మిమ్మల్ని గొర్రెల్లాగా ఎంచినాడు, క్షమించండి అని రాయాల్నా? నలుగురిలో నగుబాటు."

"జరిగింది అదే గదా సార్. నిజం రాసేదానికి నగుబాటేంది?"

ఈలోగా పసుప్పచ్చ చొక్కా మనిషి తానే వెతుక్కుంటూ వచ్చాడు. చెంగల్రాయుణ్ని చూపించి, గీతను చూపించి, తన ఛాతీ తట్టుకుని, వెనక్కి వేలు చూపించాడు. భాష రాకపోయినా చెంగల్రాయుడికి అంతా అర్థమైంది. భాష వచ్చిన చంద్రమోహన్ మాత్రం ఏమీ అర్థం కానట్టు ఆ మనిషితో చెయ్యి కలిపి, నవ్వి, సాగనంపాడు. గడువు అయిపోయేదాకా గడియారం చూస్తూ నిలబడి, ఆ తర్వాత అన్నాడు. "మాట గుర్తుండాదా? ఇంక గీత కాడ నిలబడొద్దు."

బెంగుళూరులో దిగి చెంగల్రాయుడు నేరుగా పల్లెకు పోయాడు. అప్పటికే ఒక పేపరులో చివరి స్థానం అని వేశారు. మునెప్ప కంబళి పరిచి కొడుకును కూర్చోబెట్టి అంతా విన్నాడు. కొడుకు మాట ఆ తాళ్ళ వాకిలి దగ్గరికి వచ్చేసరికి ఆయన నోరు తెరిచాడు.

"పక్కన నిలబడితివా?"

"నిలబడితి నాయనా."

"చెయ్యి పెట్టి ఎంచితివా?"

"ఎంచితి. నలుగురు."

"యెనక్కి తిరిగి సూస్తివా?"

"సూస్తి."

మునెప్ప పగలబడి నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఏడుస్తూ కొడుకు తల పట్టుకుని ఊపేశాడు. "నా పనిని దేశం దాటించినావు గదరా! ఆ దొరలకు తెలీదు, వాళ్ళను ఎంచి లోపలికి తోలింది మునెప్ప కొడుకని!" కాస్త నెమ్మదించాక మళ్ళీ అన్నాడు. "మాట మాత్రం తొందరపడి ఇచ్చినావు. ఇచ్చినాక నిలుపుకో. నిన్ను మాట తప్పినోడని అనే సందు ఆయప్పకు ఇయ్యొద్దు."

చెంగల్రాయుడు నిలుపుకున్నాడు. పెద్దన్న సారు ఎంత బతిమాలినా మళ్ళీ గీత దగ్గర నిలబడలేదు. మండీలో మోత మోశాడు, పెళ్ళి చేసుకున్నాడు, నీరుగట్టువారిపల్లెలో బాడుగ ఇల్లు తీసుకున్నాడు. పరుగు తీరని కాళ్ళు మాత్రం పడుకుంటే గుంజేవి. రెండేళ్ళు అట్లా ఓర్చుకున్నాక ఒకనాడు మదనపల్లెలో జిల్లా పోటీ చూడ్డానికి పోయాడు. మొదటి పదిమంది రాగానే తాళ్ళు చుట్టేసి, అధికారులు భోజనాలకు లేచారు. ఇంకా పరిగెత్తుతూ వస్తున్నవాళ్ళు తాళ్ళు లేని ఖాళీ మైదానంలోకి వచ్చి, ఎక్కడ ఆగాలో తెలియక దిక్కులు చూశారు. చెంగల్రాయుడి ఒళ్ళు మండిపోయింది. చుట్ట చుట్టిన తాడు తీసి ఒక కొస స్తంభానికి కట్టాడు.

"నువ్వెవరప్పా?" అని అడిగాడు ఒక అధికారి.

"గీత కాడ నిలబడనని మాటిచ్చినా సార్. వాకిట్లో నిలబడనని ఇయ్యలే," అన్నాడు చెంగల్రాయుడు.

ఆ అధికారికి ముక్క అర్థం కాలేదు. పెద్దన్న సారుకు అర్థమైంది, నంబర్లు రాసే పుస్తకం పట్టుకుని లేచి వచ్చాడు. ఆనాటి నుంచి పీలేరులో, పుంగనూరులో, ఎక్కడ క్రాస్‌కంట్రీ జరిగినా ఆ తాళ్ళ వాకిట్లో చెంగల్రాయుడు, బల్ల దగ్గర పెద్దన్న సారు. పిలిచినా పిలవకపోయినా పోయేవారు. పోయేవాళ్ళను బయల్దేరేటప్పుడే ఎంచుకోవడం, వచ్చేవాళ్ళను వాకిట్లో ఎంచుకోవడం, లెక్క సరిపోయేదాకా తాడు విప్పకపోవడం. వీడికి పిచ్చి అన్నారు. అననీ.

రెండు వేల ఆరులో కుప్పంలో మగవాళ్ళ పొట్టి పందెం పెట్టారు. ముఖ్య అతిథి చంద్రమోహన్. జుట్టు నెరిసింది, ఇస్త్రీ మడత మాత్రం అట్లాగే ఉంది. నాలుగున్నరకు ఆయన బెంగుళూరు రైలు ఎక్కాలి. నలభైమంది వచ్చాక వాచీ చూసుకుని మైకు దగ్గర్నుంచి దిగి వచ్చాడు.

"ఇంక చాలు, తాళ్ళు తీసేయండి. బహుమతులు ఇచ్చేద్దాం."

"ఇంకా ఇద్దరు ఉండారు సార్," అన్నాడు చెంగల్రాయుడు.

"యాడుండారు? ఎవరూ కనపళ్ళేదే. ఆగిపోయుంటారు. పూర్తి చెయ్యలేదని రాసేయ్ పెద్దన్నా."

పెద్దన్న సారు పెన్ను కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. చంద్రమోహన్ తాడు పట్టుకున్న మనిషిని అప్పుడు పరీక్షగా చూశాడు.

"నువ్వు... ఆ పొద్దు చివర వచ్చినోడివి గదా?"

"చివర లోపలికి పోయినోణ్ని సార్. చివర వచ్చినోణ్ని కాదు. మీకు తెలుసు ఆ సంగతి."

చెంగల్రాయుడు తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. "నలభై రెండు మంది పోయినారు. నలభై మంది వచ్చినారు. ఆ ఇద్దరూ వచ్చిందాకా ఈ తాడు ఇప్పేది లేదు. ఆ పొద్దు నేను రాయమంటే మీరు రాయకపోతిరి, మా సారు ఈపొద్దు మీరు రాయమంటే రాయడు. మీ రైలుకు మీరు పోండి."

చంద్రమోహన్ ముఖం ఎర్రబడింది. వెళ్తే పారిపోయినట్టు, ఉంటే ఓడినట్టు. కుర్చీలో కూర్చుండిపోయాడు. అయిదు నిమిషాలు గడిచాయి.

చింతచెట్ల అవతల ఒక తల కనిపించింది, దాని వెనక ఇంకొకటి. ముందు వస్తున్నవాడు పెద్దమండ్యం మనోజ్. వెనకవాడు కలికిరి నుంచి వచ్చాడు, తొడ పట్టేసి ఒక కాలు ఈడ్చుకుంటున్నాడు. మనోజ్ గీత దాటాడు. దాటి, తాళ్ళ మధ్యకు పోకుండా, వాకిట్లో పక్కకు తప్పుకుని, కలికిరివాడి కోసం వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు.

మనోజ్‌ది కూడా మేకలు, గొర్రెలు కాసే ఇల్లేనని పొద్దున నంబరు కట్టేటప్పుడు చెప్పాడు. ఏడేళ్ళ కిందటి బురద, వాన, పసుప్పచ్చ చొక్కా, అన్నీ చెంగల్రాయుడి కళ్ళ ముందు తిరిగాయి. రెండంగల్లో వాడి దగ్గరికి పోయాడు.

"పోరా లోపలికి!"

"అన్నా, వాడు కుంటుతా ఉండాడు, వాణ్ని ముందు..."

"వాణ్ని నేను సూసుకుంటా. వాకిట్లో నిలబడేది నా పని. నీది కాదు. నువ్వు గెలుసుకున్నది నువ్వు తీసుకో. పో!"

రెండు చేతులతో వీపు మీద ఒక్క తోపు తోశాడు. మనోజ్ తూలుకుంటూ తాళ్ళ మధ్యలో పడి బల్ల దాకా పోయాడు. అంతలో కలికిరివాడు గీత మీదికి వచ్చి ఒరిగిపోబోతే చెంగల్రాయుడు చంకలో చెయ్యి వేసి నిలబెట్టాడు. వాడు తన కాళ్ళతో తాను లోపలికి పోయేదాకా పక్కనే నిలబడి, వాడి వీపు తాకి, నలభై రెండు అన్నాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చింతచెట్ల దాకా ఖాళీగా ఉన్న దారిని చూశాడు.

స్టేషను వైపు రైలు కూత వినిపించింది. చంద్రమోహన్ కుర్చీలోంచి లేవలేదు. పెద్దన్న సారు పుస్తకంలో నలభై ఒకటి ఎదురుగా మనోజ్ నంబరు, నలభై రెండు ఎదురుగా కలికిరివాడి నంబరు రాసి, పుస్తకం తిప్పి చూపించాడు. చెంగల్రాయుడు రెండు నంబర్లనూ వేలు పెట్టి చదువుకున్నాడు. అప్పుడు చేతికి చుట్టుకున్న తాడు విప్పాడు.